గవర్నర్ కూర్చున్న పెళ్లికొడుకు కుర్చీ

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నేనేం చెప్పినా మా ఆవిడ సగానికి కోసి, ఆ సగంలోంచి మళ్లీ కొంత తరుగు తీసి నమ్ముతుంది. మీరూ అలాగే చేయండి. సంవత్సరాన్ని మాత్రం పెంచడానికి వీల్లేదు గనక అది నిజం: 1985. చోటు ముంబైలో మా తెలుగు కూలీల పేట కామాటిపుర. నేను మండప్ డెకరేటర్‌ని. అంటే పెళ్లికీ, గణపతికీ, నాయకుల సభకీ అవే వెదురు బొంగులు, అవే గుడ్డలు, ముడి మార్చి కట్టేవాణ్ణి.

నా దుకాణం పరువంతా ఒక జత కుర్చీల మీద నిలబడి ఉండేది. ఎర్ర మఖమల్ గుడ్డ, చేతుల చివర సింహం తలలు. వీపు ఎంత ఎత్తంటే మొదటి అంతస్తు ఆడవాళ్లు కిటికీలోంచి చెయ్యి చాపి దాని మీద చీర ఆరేసుకోవచ్చు. ఒక్కో కుర్చీ మోయడానికి నలుగురు కావాలి, ఆ నలుగురినీ తిట్టడానికి ఐదోవాడు. మా గల్లీల్లో పీటలు వేసే జాగా లేక, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా పెళ్లంతా కుర్చీల మీదే నడిచేది. ఆ జత మీద కూర్చుంటేనే పెళ్లి అని మావాళ్ల లెక్క. జతను విడదీస్తే జంటకు మంచిది కాదని కూడా వాళ్లే తేల్చారు.

మా పక్క గల్లీ నర్సవ్వ మహబూబ్‌నగర్ వైపు నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చింది. ఈ నగరంలో సగం మేడలు ఆమె తలమీద తట్టతోనే లేచాయి. (సగం అనేది నాది. తట్ట మాత్రం ఆమెదే.) మనవరాలు పద్మ పెళ్లి కుదరగానే మొదట నా దుకాణానికే వచ్చి, నా చెయ్యి పట్టుకుని జత కుర్చీలకు మాట తీసుకుంది. పద్మ చిన్నప్పట్నుంచీ ప్రతి పెళ్లిలో ఆ కుర్చీలనే చూస్తూ నిలబడేదట. నేను సరేనన్నాను.

సరిగ్గా ఆ పెళ్లి రోజునే మా వీధి తెలుగు గ్రంథాలయం వార్షికోత్సవానికి గవర్నర్ వస్తున్నాడని తర్వాత తెలిసింది. రెండు రోజుల ముందు ఆయన ఏడీసీ, అంటే గవర్నర్ వెంట నీడలా నడిచే యూనిఫాం ఆఫీసరు, వేదిక చూడ్డానికి వచ్చాడు. నేను వేసిన స్టీలు కుర్చీలను ఎలక చచ్చిన వాసన వచ్చినట్టు చూసి, "మధ్య కుర్చీ మిగతావాటికంటే ఎత్తుగా, వేరుగా ఉండాలి. ప్రోటోకాల్" అన్నాడు. ప్రోటోకాల్ అంటే పెద్దవాళ్ల మడి ఆచారం. ఎదురు ప్రశ్న ఉండదు.

గ్రంథాలయం అధ్యక్షుడు గంగారాం శేట్ నన్ను పక్కకు లాగాడు.

"రాజన్నా, నీ సింహాల కుర్చీ ఒకటియ్యి. రెండోది పెండ్లికి ఉంచుకో."

"పెండ్లిల ఇద్దరుంటరు గద శేట్."

"ఒకరు నిలబడతరు తియ్యి. గవర్నర్ నిలబడతడా?"

సభ నాలుగింటికి. లగ్నం దీపాలు పెట్టే వేళకు. మధ్యలో కుర్చీ తెచ్చేయొచ్చని లెక్కేసుకుని ఒప్పుకున్నాను. వెళ్లి నర్సవ్వకు చెప్పాను.

"ఖాళీ జాగ పక్కన నా మనవరాలిని కూసోబెట్ట. నీ రెండో కుర్చీ వచ్చినంకనే పుస్తె" అంది.

"లగ్నం టైముకు తెస్త అవ్వా."

"దాటితే?"

దాటితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మగపెళ్లివారు షోలాపూర్ నుంచి లారీలో వస్తున్నారు. ముహూర్తం తప్పిందంటే అదే లారీ ఎక్కి పోయే రకం.

సభ రోజు నేను వేదిక వెనకే ఉన్నాను. డెకరేటర్ అక్కడే ఉండాలి, ఏదైనా కూలితే కింద పడుకోవడానికి. అక్కణ్ణుంచి చూస్తే ఆ పెద్దమనిషి నాకు అచ్చం పెళ్లికొడుకులానే కనిపించాడు. ఎవరో నడవమంటే నడిచాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. వేసిన దండ వేయించుకున్నాడు. ఎవరో రాసిన కాగితం చదివాడు. రాష్ట్రమంతా ఆయన పేరు మీద నడుస్తుంది. నడిపేది మాత్రం మంత్రులు. నవ్వు ఒక్కటే ఆయన సొంతం, దాన్నీ పొదుపుగా వాడాడు.

ఆయన ప్రసంగం త్వరగానే అయిపోయింది. నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు గంగారాం శేట్ వోట్ ఆఫ్ థాంక్స్‌కి లేచాడు. థాంక్స్ చెప్పడం ఆయన ఈ నగరానికి మొదటి రాయి మోసిన కామాటి కూలీ నుంచి మొదలుపెట్టాడు. రెండో రాయి మోసినవాణ్ణీ మరిచిపోలేదు. ఆ వేగంతో వెళితే మా తాత వంతు వచ్చేసరికి పద్మకు మనవలు పుట్టేలా ఉన్నారు. ఎండ మేడల మీదికి ఎక్కేసింది.

అప్పుడే వేదిక చుట్టూ కట్టిన ఫ్రిల్, అదే కుచ్చుల గుడ్డ, పైకి లేచింది. కింద నుంచి నర్సవ్వ తల.

"ఏది కుర్చీ?"

"గవర్నర్ కూసున్నడు అవ్వా. జర మెల్లగ మాట్లాడు."

"ఎప్పుడు లేస్తడు?"

"ఆయన చేతుల ఏముంది. శేట్ మైకు ఇడిస్తే లేస్తడు."

"గంతేనా గవర్నరంటే?" అంది. ఆమె మెల్లగా మాట్లాడితే మిల్లు సైరన్ మెల్లగా కూసినట్టే. "ఆడ పిలగాడు నిలబడి ఉన్నడు, పిల్ల ఏడుస్తున్నది. నువ్వు అడుగుతవా, నన్ను అడగమంటవా?"

సింహాల కుర్చీ కొద్దిగా కదిలింది. ఆయనకు తెలుగు రాదు. కానీ కష్టంలో ఉన్న గొంతు ఏ భాషదైనా తెలుస్తుంది కదా. తల తిప్పకుండానే హిందీలో అడిగాడు.

"ఏమైంది?"

నేను కుర్చీ వెనక నుంచి వంగి చెప్పాను. "సాబ్, మీరు కూర్చున్నది పెళ్లికొడుకు కుర్చీ."

"పెళ్లికొడుకు ఎక్కడ?"

"పక్క గల్లీలో సాబ్. నిలబడి ఉన్నాడు. ఈ అవ్వ మనవరాలితో పెళ్లి."

"లగ్నం ఎప్పుడు?"

నేను మేడల పైన మిగిలిన ఎండ చూపించాను. ఆయనా చూశాడు. తర్వాత ఫ్రిల్ కింద ఉన్న అవ్వను చూసి, దండ తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా లేచి నిలబడ్డాడు.

గవర్నర్ లేస్తే ఏమవుతుందో నాకప్పుడు తెలిసింది. ఏడీసీ ఉలిక్కిపడి అటెన్షన్‌లోకి వచ్చాడు. సాబ్ లేవగానే వాయించమని చెప్పి ఉంచిన బ్యాండువాళ్లు జనగణమన ఎత్తుకున్నారు. గంగారాం శేట్ నోట్లో సగం రాయి అలాగే ఉండిపోయింది. వీధి వీధంతా నిటారుగా నిలబడింది, నర్సవ్వతో సహా. అది ముగిశాక మళ్లీ మైకు ముట్టే మగాడు దేశంలో లేడు. సభ అయిపోయింది. పోలీసులు గవర్నర్ కారు కోసం గల్లీలన్నీ ఖాళీ చేయించి తాళ్లు కట్టి ఉంచారు. ఆ దారిలోనే నేనూ, నా మనుషులూ కుర్చీ ఎత్తుకుని పరిగెత్తాం. ఎదురుగా ఒక చేతిబండి లేదు, ఒక టాక్సీ లేదు. కామాటిపురలో అలాంటి దారి నేను మళ్లీ చూడలేదు.

పద్మ పక్కన కుర్చీ దించాం. నర్సవ్వ సీటు తడిమి, "ఇంకా ఎచ్చగనే ఉంది. కూసో బిడ్డా" అని పెళ్లికొడుకుని కూర్చోబెట్టింది. పంతులు మంత్రం అందుకున్నాడు. లగ్నం దాటలేదు.

ఆ తర్వాత ఎంత పెద్దవాళ్లు అడిగినా జతలో ఒక కుర్చీని విడిగా ఇవ్వలేదు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. చేతిలో ఏ అధికారమూ లేదనుకునే మనిషికి కూడా సమయానికి లేచి నిలబడే అధికారం ఉంటుంది. దాన్ని ఒక తట్ట మోసిన ముసలమ్మ కోసం వాడినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఇక నేను కల్పించిన ముక్క. ఆయన కారెక్కే ముందు వెనక్కి తిరిగి, నాకు చెయ్యెత్తి, "జల్దీ జల్దీ" అని నవ్వాడని ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ చెబుతున్నాను. ఆయన తిరిగాడో లేదో నాకు తెలియదు. అప్పటికి నా తలమీద కుర్చీ ఉంది. నమస్కారం పెట్టడానికి కూడా చేతులు ఖాళీ లేవు.