కదలని సుడి

గోదారి నీళ్ళు ముట్టుకుని చెబుతున్నాను... ఇది కట్టుకథ కాదు. దెయ్యాలంటే నాకు నవ్వు. ఇప్పటికీ నవ్వే. కానీ ఆ రాత్రి...

రాజమండ్రి దగ్గర మా ల్యాబ్. గది నిండా కంప్యూటర్లు, అన్నీ కలిసి ఒకే లెక్క చేస్తాయి. చిన్న విమానం రెక్క మీదుగా గాలి ఎలా పోతుందన్నదే ఆ లెక్క. అప్పటికప్పుడు తెరమీద బొమ్మగా కనిపిస్తుంది. మౌస్ ఎక్కడ పెడితే అక్కడ రంగు పొగ వదిలి చూడొచ్చు.

ఆ రెక్క గీసింది నేనే. తయారై విమానానికి ఎక్కింది కూడా. తెల్లారి నేను సరే అంటే ఎగరడమే. విమానం నడిపే పెద్దాయన మధ్యాహ్నం వచ్చి, "అమ్మాయ్, నీ మీద నమ్మకంతోనే ఎక్కుతున్నానమ్మా" అని నవ్వి వెళ్ళారు.

రాత్రి ఆఖరిసారి చూద్దామని కూర్చున్నాం, నేనూ, కంప్యూటర్లు చూసుకునే శ్రీనుగారూ. గాలి వేగం పెంచాను. రెక్క వెనక సుడులు లేచాయి... ఒకదాని వెనక ఒకటి కొట్టుకుపోయాయి. అంతా నేను అనుకున్నట్టే. నా పని మీద నాకు అంత ధీమా మరి!

అప్పుడు... ఒక్క సుడి ఆగింది.

రెక్క మొదట్లో, విమానానికి అతికే చోట. చుట్టూ గాలి దూసుకుపోతోంది. అది మాత్రం అక్కడే... మెల్లగా... తిరుగుతోంది. పొగ వదిలాను. మింగేసింది. ఇంకొంచెం వదిలాను. అదీ మింగేసింది.

"ఏంటండీ అది?" అన్నాను.

"బొమ్మలో తేడా అయ్యుంటుందండి. లెక్క ఆపి చూడండి," అన్నారు శ్రీనుగారు.

ఆపాను. ఫ్యాన్ల హోరు తగ్గింది. సుడులన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి.

అది తప్ప.

లెక్కే నడవడం లేదు... అది తిరుగుతూనే ఉంది. శ్రీనుగారు "అమ్మ బాబోయ్" అంటూ కుర్చీ వెనక్కి లాక్కున్నారు.  నాకూ భయమేసింది, దాచేదేముంది!

మాది గోదారిలో చేపలు పట్టే ఇల్లు. చిన్నప్పుడు పడవలో నాన్న చెప్పిన మాట గుర్తొచ్చింది. "కొట్టుకుపోయే సుడికి భయపడకే అమ్మలూ. నిలబడి తిరిగేది కనబడిందా... మారు మాట్లాడకుండా పడవ తిప్పెయ్యాలి."

చూస్తుండగానే తెర నల్లబడింది. తెల్లవార్లూ మళ్ళీ మళ్ళీ నడిపాం. ఆ సుడి మళ్ళీ రాలేదు. రికార్డులోనూ లేదు. శ్రీనుగారు పక్కనుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నిద్రమత్తు అనేద్దురు.

పొద్దున్నే పెద్దాయన హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చారు. "ఏమ్మా, ఎక్కమంటావా?"

"వద్దండి."

"అదేంటమ్మా! ఎందుకని?"

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. "వద్దంటే వద్దండి," అన్నాను.

ఆ రెక్క విప్పేశారు. ఏళ్ళ తరబడి నేను పడ్డ కష్టం షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతోంది. మిషన్ తప్పో... మరోటో... ఈరోజుకీ నాకు తెలీదు. పెద్దాయన మాత్రం పండగకీ పబ్బానికీ ఫోన్ చేసి, "మంచి విమానం ఎక్కనివ్వకుండా చేశావు కదమ్మా" అని దెప్పుతూనే ఉంటారు.

దెప్పనీండి. ఆ గొంతు వినిపిస్తోంది కదా... నాకదే చాలు.