మబ్బులో విన్న చుట్టుకొలతలు

దయ్యాల గురించి నాతో వాదనకు దిగి నెగ్గినవాళ్లు మా చుట్టాల్లో ఎవరూ లేరు. నేను బోటనీ చదివాను. కంటితో చూసి, టేపుతో కొలిచిందే నాకు లెక్క. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

తొంభైల్లో ఒమన్‌లో, అల్ ఖౌద్‌లో ఉంటూ ఒక చెట్ల సర్వేలో పనిచేశాను. జబల్ అఖ్దర్ కొండల మీద ఉత్తరపు వాలులో, మేకలు కూడా ఎక్కలేని చోట, పాత జూనిపర్ అడవి ఉంది. మధ్యమధ్య అడవి ఆలివ్. అక్కడ ఎవరూ గొడ్డలి పెట్టలేదు. ఎండిన చెట్టు ఎండినట్టే నిలబడి ఉంటుంది. పడినది పడిన చోటే మట్టిలో కలుస్తుంది. పిల్లమొక్కలు ముసలి చెట్ల నీడన తప్ప బతకవు.

కొలిచేది మల్లయ్య. జగిత్యాల వైపు మనిషి, ఘాలాలో కంపెనీ రూమ్‌లో ఉండేవాడు. చెట్టు చుట్టూ టేపు పెట్టి, వరస అంకె, చుట్టుకొలత అరిచి చెప్పి, రేకు బిళ్ల కడతాడు. నేను పైన బండ మీద కూర్చుని రాసుకుంటాను. అతను ఒకటి అనడు. వడ్లు కొలిచినట్టు “లాభం” అంటాడు.

“ఇదేం మీ కల్లం కాదు మల్లయ్యా, ఒకటి అని చెప్పు,” అన్నానొకసారి.

“ఒకటితోని మొదలువెడితే అచ్చిరాదు మేడమ్. మీరు ఒకటనే రాసుకోండ్రి, నేనేమన్న అచ్చి సూత్తున్ననా?”

ఆ రోజు మధ్యాహ్నం వాలు మీదికి మబ్బు దిగింది. పదడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. కింద నుంచి “లాభం, నూట పద్నాలుగు” అని వినిపించింది. రాశాను. కాసేపటికి రాళ్లు దొర్లిన చప్పుడు. “మల్లయ్యా!” అని కేక వేశాను.

“రెండు, ఎనభై ఆరు.”

బాగానే ఉన్నాడనుకున్నాను. ఇరవై మూడు దాకా చెప్పాడు. గంటన్నర పట్టింది. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

దిగి చూస్తే మొదటి చెట్టు కిందే, బండల మధ్య పడి ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది. బిళ్ల ఆ ఒక్క చెట్టుకే ఉంది. మిగతావన్నీ భుజానున్న సంచిలోనే ఉన్నాయి.

పడ్డాక కొంతసేపు ప్రాణం ఉండి ఉంటుందని డాక్టర్ అన్నాడు. కొంతసేపంటే ఎంత అని నిలదీశాను. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంటికెళ్లి అన్నం వండుకున్నాను, తిన్నాను.

వారం తర్వాత వేరే మనుషులతో ఆ రోజు కొలవాల్సిన చోటంతా కొలిపించాను. మొదటిది తప్ప ఆ చెట్లకు అంతకుముందు ఎవరూ టేపు పెట్టలేదు. ఇరవై మూడు చెట్లే. నా పుస్తకంలో ఉన్న కొలతల్లో ఒక్కటీ తప్పు లేదు. భ్రమ అంటారా? అనండి. సెంటీమీటర్లతో సహా సరిపోయే భ్రమ ఎక్కడుంటుందో కూడా మీరే చెప్పండి.

శవాన్ని ఊరికి పంపే రోజు అతని తమ్ముడు ఎయిర్‌పోర్టులో నా దగ్గరికి వచ్చాడు.

“పడ్డంక మా అన్న మిమ్ములను పిలిచిండా మేడమ్?”

“లేదు,” అన్నాను.

అబద్ధం కాదు. పిలిచి ఉంటే దిగేదాన్ని. ఆ గొంతు మధ్యలో ఆగిపోయి ఉన్నా దిగేదాన్ని. అది ఎందుకు ఆగలేదో ఈ రోజుకీ నాకు తెలియదు.