పెదనాన్న చెప్పిన అమెరికా నవల

మొన్న మా విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి, అమెరికా వాళ్ళ పాత నవలలు చదివితే మనిషికి సంస్కారం దానంతటదే అబ్బుతుందని ఉపన్యసిస్తుంటే నాకు ఒళ్ళు మండి, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా ఇంటికొచ్చేశాను. మా పెదనాన్న అవి పెట్టెడు చదివినవాడే మరి.

అరవైల చివర్లో, నేను కోటబొమ్మాళిలో హైస్కూలు చదివే రోజుల్లో, మిషను దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ వదిలేసిన నవలల పెట్టె మా ఇంటికి చేరింది. ఇంటిల్లిపాదిలో ఇంగ్లీషు నవల చదవగలిగినవాడు పెదనాన్న ఒక్కడే కనుక, ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక ఆయన పేజీలు చూస్తూ తెలుగులో చెబుతుంటే, మేమంతా చుట్టూ చేరి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వినేవాళ్ళం. ఎంత కమ్మటి గొంతో ఆయనది. ఆ ఏడు మొదలుపెట్టిన నవలలో ఒక ఇల్లాలు మొగుడి దెబ్బలు పడలేక పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే మా మేనత్త, పెదనాన్నకి ఆఖరి చెల్లెలు, సాలూరులో లారీ తోలే మొగుడు చెయ్యి విరగ్గొడితే కట్టుతో, చంటిపిల్లతో మా ఇంటికి వచ్చి ఉంది. తెలుగు బైబిలు చక్కగా చదువుకునే అత్తకి ఇంగ్లీషు రాదు. వారం పొడుగునా ఒకటే అడిగేది, "అన్నయ్యా, ఆ యమ్మ మళ్ళీ ఎల్తాదా, ఎల్లదా?" అని.

వెళ్ళిందనే చెప్పాడు పెదనాన్న. మొగుడు పశ్చాత్తాపపడ్డాడని, ఇద్దరూ పక్కపక్కనే మోకరించి ప్రార్థన చేసుకున్నారని, ఆపైన చల్లగా కాపురం చేసుకున్నారని మా అందరి కళ్ళూ చెమర్చేలా చెప్పాడు. ఆ వారంలోనే అత్త పిల్లని ఎత్తుకుని సాలూరు వెళ్ళిపోయింది.

విజయనగరంలో బి.ఏ. చదువుతూ, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి నేనే చదివితే, ఆవిడ వెళ్ళనే వెళ్ళలేదు. పిల్లలతో వేరే ఊరు చేరి, ఒక బడిలో పని చూసుకుని, చివరి పేజీ దాకా తలెత్తుకునే బతికింది. పెదనాన్నని నిలదీస్తే, కాపురాలు కూల్చే కథలు మనకెందుకని నన్నే కసిరాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? బస్సెక్కి సాలూరు వెళ్ళి అత్తతోనే చెప్పాను. అత్త పొయ్యి ముందు నుంచి తల తిప్పలేదు.

"అప్పుడు ఒక్క పిల్లే ఉండీది. ఇప్పుడు ముగ్గురయ్యారు. ఇప్పుడొచ్చి సెప్తే నేనేటి సేస్తానే" అంది.

అత్త ఆ కాపురంలోనే పోయింది. నవలలది తప్పని నేననను, ఎంత గొప్ప నవలైనా చదివినవాడి బుద్ధిని దాటి పనిచెయ్యదు, అంతే. ఇప్పుడు మా ఇళ్ళల్లో ఆడపిల్లలు ఏ పుస్తకానికైనా ముగింపు వాళ్ళే చదువుకుంటున్నారు, ఒకరు చెబితే వినే ఖర్మ వాళ్ళకి లేదు. పోయిన పెదనాన్న మీద కోపమెందుకు, క్షమించెయ్యమంటారు మావాళ్ళు. నేను క్షమించను. కానీ ఏ ఆదివారం మధ్యాహ్నమో ఇల్లు సద్దుమణిగితే, ఆ గొంతు మళ్ళీ వినాలనిపిస్తుంది.