వాల్వుకు రెండు తాళాలు

ఆ వీధిలో ఆమెను అందరూ సైరనమ్మ అంటారు. గోడ అవతలి పాల ఫ్యాక్టరీలో ఒక సైరన్ ఉంది. అది చెడిపోయిన రోజు ఆమె మొగుడి మీద వేసిన కేక విని, షిఫ్టు అయిపోయిందనుకుని లోపలి కార్మికులు టిఫిన్ డబ్బాలు సర్దుకుని గేటు దాకా వచ్చేశారట. ఇందులో నిజమెంతో తెలియదు గానీ, ఆ గొంతు ఒకసారి విన్నవాళ్ళకు మాత్రం నమ్మబుద్ధేస్తుంది. మొదట్లో ఆ పేరంటే కస్సుమనేది. ఇప్పుడు ఫోనెత్తి తనే, "ఆఁ, సైరన్ని మాట్లాడుతున్నా, చెప్పండి" అంటుంది.

ఆమె పని బట్టలుతకడం. ఇళ్ళల్లో బట్టలు కాదు, పెద్దాసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది గౌన్లు. పెళ్ళయిన కొత్తలో మొగుడు కడుపునొప్పితో ఆ ఆసుపత్రిలో చేరితే, మంచమ్మీది దుప్పటి చూసి అగ్గిమీద గుగ్గిలమైంది. "దీని మీద పడుకుంటే లేని రోగం కూడా పట్టుకుంటుంది" అంటూ దాన్ని లాగేసి, వార్డు చివరి కుళాయి కింద ఉతికి కిటికీకి ఆరేసింది. తిట్టడానికి వచ్చిన మేట్రన్ ఆ దుప్పటిని వేళ్ళతో పట్టి చూసి, "మిగతావి కూడా ఇలాగే ఉతుకుతావా?" అంది. ఆ రోజు మొదలైన పని ఈ రోజుకీ సాగుతోంది.

కొన్నాళ్ళకు మరిదికి పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది. మాట మెత్తన, చెయ్యి గట్టి. తోడికోడళ్ళు కదా, ఎప్పుడు జుట్టూ జుట్టూ పట్టుకుంటారా అని వీధంతా కాచుక్కూర్చుంటే, వాళ్ళిద్దరూ కలిసి ఫ్యాక్టరీ గోడను ఆనుకున్న షెడ్డు తీసుకుని లాండ్రీ పెట్టి వీధి నోరు మూయించారు. సిమెంటు తొట్లు, ఒక తిరిగే డ్రమ్ము, వెనకవైపు పెద్ద కట్టెల పొయ్యి, దాని మీద మనిషి దిగి స్నానం చేయగలిగినంత ఇనప కాగు. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు పనికి కుదిరారు. మొగుడు మూడు చక్రాల బండి తొక్కుతూ దుప్పట్లు తెచ్చేవాడు, ఇచ్చేవాడు. మాట్లాడాల్సిందంతా భార్యే మాట్లాడేస్తుంది కాబట్టి ఆయనకు మాటల అవసరం పెద్దగా రాలేదు.

ఆసుపత్రి బట్టలకు ముందు చల్లనీళ్ళు కావాలి, లేకపోతే రక్తం మరక గట్టిపడిపోతుంది. ఆ తర్వాత సలసల కాగిన నీళ్ళు కావాలి, లేకపోతే మందుల జిడ్డూ వాసనా వదలవు, కంటికి కనపడని క్రిములు చావవు. అందుకే ఆ పొయ్యి పొద్దున్నుంచి మండుతూనే ఉండేది. ఆ పొగ గోడలకు పట్టింది, పైకప్పుకు పట్టింది, చివరికి చిన్నకోడలి ఊపిరితిత్తులకూ పట్టింది. ఆమె దగ్గినప్పుడల్లా సైరనమ్మ ఆ పొయ్యిని తిట్టిపోసేది.

అటు గోడ అవతల జరిగేది వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఫ్యాక్టరీలో పాలు కాచి చల్లార్చే యంత్రాల నుంచి శుభ్రమైన వేడినీళ్ళు బయటికొస్తాయి. వాటితో వాళ్ళకు పనిలేదు, కాలవలోకి వదిలేస్తారు. చలికాలం పొద్దున ఆ కాలవ పొగలు కక్కుతుంటే వీధికుక్కలు వచ్చి గట్టున పడుకునేవి.

"ఇటు మేం కట్టెలు తగలేసి నీళ్ళు కాచుకుంటున్నాం. అటు వాళ్ళు కాగిన నీళ్ళు పారబోసుకుంటున్నారు. మధ్యలో ఒక్క గోడ. బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా ఇది?" అని ఆమె కనపడ్డవాళ్ళందరితో అనేది. విన్నవాళ్ళు నవ్వేసి వెళ్ళిపోయేవాళ్ళు.

అలా నవ్వేసిన వాళ్ళలో ఫ్యాక్టరీ యజమాని ఒకరు, కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు ఇంకొకరు. ఉన్నట్టుండి ఊళ్ళోకి కర్బనం అనే మాట వచ్చింది. గాల్లో కర్బనం ఎక్కువైందట, వ్యాపారులూ ప్రజలూ కలిసి దాన్ని తగ్గించాలట, అలా తగ్గించిన పేటలకు పైనుంచి గుర్తింపు వస్తుందట. అంతే, గోడ అవతలి వేడినీళ్ళు ఆ ఇద్దరికీ ఒక్కసారిగా కనపడ్డాయి. సంఘం హాల్లో సభ పెట్టారు. "పరిశ్రమా సమాజమూ చేయీ చేయీ కలిపితే సాధించలేనిది లేదు" అని యజమాని అన్నారు. ఈ ఆలోచన తనకు ఒకరోజు ఉదయపు నడకలో తట్టిందని అధ్యక్షుడు చెప్పారు. వెనక కుర్చీలో చిన్నకోడలు గబుక్కున తలతిప్పి, "అక్కా, అది నువ్వు..." అనబోతే సైరనమ్మ ఆమె మోకాలు నొక్కింది.

"ఎవరి బుర్రలో పుడితే మనకేంటే. నీళ్ళొస్తే చాలు."

నిజంగానే గోడకు కన్నం పెట్టారు. వేడి పోకుండా మందపాటి చుట్టు చుట్టిన గొట్టం వచ్చింది, దాని చివర ఎర్ర చక్రమున్న వాల్వు వచ్చింది. ఇంత బాగా జరుగుతుందని ఆమె అనుకోలేదు. ఇంక చక్రం తిప్పడమే తరువాయి అనుకుంటుండగా అధ్యక్షుడు ఫోటోలు తీసే మనిషిని వెంటేసుకుని వచ్చాడు.

"పొయ్యి పగలగొట్టాలమ్మా. కట్టెలకు వీడ్కోలు అని ఫోటో వేయాలి."

"నీళ్ళు రానివ్వండి సార్, నేనే పగలగొడతా."

"వచ్చే వారమే ప్రారంభం. మా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

నమ్మింది. అందరికంటే ముందు ఆ పొగ వదిలిపోవాలని కోరుకున్నది తనే కదా. గునపం ఎత్తి మొదటి దెబ్బ వేసింది. ఇటుకలు కూలుతుంటే చిన్నకోడలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కాగును పాత ఇనుము వాళ్ళు పట్టుకెళ్ళారు. పొయ్యి ఉన్న చోట సంఘం వాళ్ళు ఒక పూలకుండీ పెట్టి పోయారు.

వచ్చే వారం వచ్చింది, పోయింది. ప్రారంభం రోజు గోడకు బిగించడానికి చెక్కించిన రాతిపలకలో యజమాని పేరు పైన, అధ్యక్షుడి పేరు కింద ఉందట. అధ్యక్షుడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. రెండు పేర్లూ ఒకే వరసలో ఉండేలా ఇంకో పలక చెక్కిస్తామన్నారు. అప్పుడు ఎడమవైపు ఎవరు అన్నది తేలలేదు. ఆపైన చక్రం మీద మొదటి చెయ్యి ఎవరిది అన్న పేచీ వచ్చింది. ఈలోగా తను ఊళ్ళో లేనప్పుడు సంఘం వాళ్ళు తెరిచేసుకుంటారేమోనని యజమానికి అనుమానమొచ్చి, చక్రానికి గొలుసు చుట్టించి తాళం వేయించాడు. అది చూసి అధ్యక్షుడు తన వంతుగా ఇంకో గొలుసు చుట్టించి ఇంకో తాళం వేయించాడు. పరిశ్రమ తాళం ఒకటి, సమాజం తాళం ఒకటి. గొట్టంలో నీళ్ళు వచ్చి వాల్వు దగ్గర ఆగి ఉన్నాయి. చెయ్యి పెడితే ఆ ఇనుము వెచ్చగా తగిలేది, చిన్నకోడలు చేతులు కాచుకోవడానికి దాని దగ్గరికే వెళ్ళేది.

ఎందుకంటే పొయ్యి పోయింది. వేడినీళ్ళు లేవు. మార్కెట్లో కరెంటు రాడ్లు కొనుక్కొచ్చి తొట్లో వేస్తే వీధంతా కరెంటు పోయి, అన్ని ఇళ్ళవాళ్ళూ వచ్చి నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళారు. వేరే దారిలేక చల్లనీళ్ళలోనే సబ్బు రెట్టింపు వేసి ఉతికారు. సోడాపొడికి చిన్నకోడలి వేళ్ళ సందులు పగిలి రక్తం వచ్చింది. ఉతికిన దుప్పటికి ఆమె చేతి మరకే అంటుకుంటే, దాన్ని మళ్ళీ ఉతికింది. సైరనమ్మ అది చూసింది. మాట రాలేదు. ఆ గొంతులోంచి మాట రాకపోవడం షెడ్డులో వాళ్ళెవరూ అంతకుముందు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీకి వెళ్ళింది. యజమాని గది ఎంత చల్లగా ఉందంటే ఆమెకు దుప్పట్ల తొట్టి గుర్తొచ్చింది.

"నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదమ్మా. అధ్యక్షుడుగారినే అడుగు" అన్నాడాయన.

అధ్యక్షుడి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో టీ తాగుతున్నాడు.

"నా వైపు నుంచి ఏముందమ్మా? ఆయన పెద్దమనసు చేసుకోవాలి."

"మీ మనసులు పెద్దవయ్యేదాకా మా చేతులు ఆగవు సార్. ఒకసారొచ్చి మా చిన్నదాని చేతులు చూడండి."

"ఇలాంటి మంచి కార్యక్రమాల్లో అందరూ కొంచెం త్యాగం చెయ్యాలమ్మా."

ఆ మాటకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. త్యాగమట! పొయ్యి ఆమెది, పని ఆమెది, పగిలిన చేతులు ఆమె తోడికోడలివి. వీళ్ళు త్యాగం చేసింది ఏమిటో, ఒక్కటంటే ఒక్కటి చెప్పమనండి. అయినా పళ్ళు బిగబట్టుకుని ఇంటికొచ్చింది. మర్నాడు పేపర్లో ఆ ఇద్దరి ఫోటో వచ్చింది. ఏదో పెద్ద సభలో జ్ఞాపిక చెరోవైపు పట్టుకుని పళ్ళికిలిస్తున్నారు. కట్టెల పొగ లేని పేటను తీర్చిదిద్దిన జంట అని రాశారు. పక్కనే చిన్నగా, గునపం ఎత్తిన సైరనమ్మ ఫోటో.

అదే రోజు మేట్రన్ వచ్చింది. ఎప్పుడూ బండి మీద వెళ్ళే దుప్పట్లు తిరిగి బండి మీదే వచ్చాయి.

"ఇవి వాసనొస్తున్నాయి. నాకు తెలుసు, తప్పు నీది కాదు. కానీ పచ్చి పుండుతో ఉన్న మనిషిని వీటి మీద ఎలా పడుకోబెట్టను? సోమవారానికి మామూలుగా ఉతికి పంపకపోతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామంటున్నారు పైవాళ్ళు. నేను ఆపలేనమ్మా."

మేట్రన్ వెళ్ళిపోయింది. ఆసుపత్రి పని పోతే ఆ ఆడవాళ్ళందరికీ ఇంకో పని లేదు. చిన్నకోడలు తిరిగొచ్చిన దుప్పట్లను తొట్టి దగ్గరికి లాగింది.

"మళ్ళీ పొయ్యి కట్టుకుందామా అక్కా? నాకు దగ్గేం రాదులే."

"నోర్ముయ్" అంది సైరనమ్మ. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సోమవారం పొద్దున ఆమె షెడ్డు తలుపు తీసేసరికి మొగుడు బండి మీద ఏదో పొడుగాటి వస్తువు గోనెలో చుట్టి తెస్తున్నాడు. విప్పి చూస్తే షట్టర్లు బిగించేవాడి దగ్గరుండే గొలుసులు కోసే కట్టర్.

"ఎవరడిగారయ్యా నిన్ను?"

"ఎవరూ అడగలా."

"కేసు పెడతారు."

"పెట్టనీ" అన్నాడాయన. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన ఆమెకు ఎదురు చెప్పింది అదే మొదటిసారి.

వీధంతా చూస్తుండగా, పట్టపగలు, ఆమె చేత్తోనే కోసింది. యజమాని గొలుసు ముందు తెగింది, అధ్యక్షుడి గొలుసు తర్వాత తెగింది. చక్రం కాస్త మొరాయించి తిరిగింది. గొట్టం రెండుసార్లు దగ్గి, తుప్పు నీళ్ళు కక్కి, ఆ తర్వాత ధారగా వదిలింది. షెడ్డంతా ఆవిరి కమ్ముకుంది. చల్లనీళ్ళలో తడిపి ఉంచిన దుప్పట్లను ఆడవాళ్ళు కర్రలతో తొట్లోకి నెట్టారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అంత తీరిక లేదు.

కబురు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. యజమానీ అధ్యక్షుడూ ఒకే కారులో వచ్చారు. కర్బనం తగ్గించమని ఊరందరికీ చెప్పిన ఆ ఇద్దరూ ఒక బండిలో కూర్చోవడం అదే మొదలు. పక్కపక్కనే నడిచొచ్చారు, ఒకే గొంతుతో అరిచారు.

"ఇది ఉమ్మడి ఆస్తి! తాళాలు పగలగొట్టడానికి నువ్వెవరు?" అన్నాడు యజమాని.

"ఇద్దరం కలిసి ఫిర్యాదు రాశాం. ఇద్దరం సంతకం పెట్టాం" అన్నాడు అధ్యక్షుడు.

"అబ్బో, ఇప్పుడు కలిశారా!" అంది సైరనమ్మ. ఆ గొంతు తిరిగొచ్చింది. వీధి చివర ఇళ్ళవాళ్ళు కూడా బయటికొచ్చారు. "ఆసుపత్రి వాళ్ళు దుప్పట్లు తిరగ్గొడితే కలవలేదు. దీని చేతులు పగిలితే కలవలేదు. నేను గొలుసు కోస్తే కలిశారా? సంతోషం. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ముందు వాల్వు మూసెయ్. సక్రమంగా ప్రారంభం అయ్యేదాకా ఒక్క చుక్క రావడానికి వీల్లేదు" అన్నాడు యజమాని.

"నేను మూయను. ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా, మీరే మూయండి." ఆమె పక్కకు తప్పుకుని చక్రం చూపించింది.

దుప్పట్లు తీసుకెళ్ళడానికి వచ్చిన మేట్రన్ గుమ్మంలో నిలబడి ఉంది. గోడ మీద, మెట్ల మీద, బండి మీద జనం. వాళ్ళలో సగం మంది చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి. చిన్నకోడలు గుడ్డ చుట్టిన చేతులతో తొట్టి దగ్గరే నిలబడింది. యజమాని ఒక అడుగు ముందుకు వేసి, ఆ ఫోన్ల వైపు చూసి ఆగాడు.

"మీరు మూయండి అధ్యక్షుడుగారూ."

"అబ్బే, ఫ్యాక్టరీ మీది. మీరే మూయాలి."

"సంఘానికి పెద్దలు, మీరుండగా నేనా?"

"లేదు లేదు, ముందు మీరు."

సైరనమ్మ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కర్ర అందుకుని తొట్టి వైపు తిరిగింది.

"తేల్చుకుని చెప్పండి. ఈలోపు కొంచెం పక్కకు జరగండి, దుప్పట్లు తిప్పాలి."