పక్కింటాయన ఇబ్బంది

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. జావా దీవిలో సోలో అనే ఊరివాళ్ళ నోరు మరీ మంచిది. అందుకే అక్కడి పార్కులో మరుగుదొడ్డికి రెండేళ్ళుగా తాళం పడి ఉన్నా ఒక్కరూ కిక్కురుమనలేదు.

పార్కుకొచ్చేవాళ్ళ మంచిచెడ్డలు తెలుసుకోవాలని విశ్వవిద్యాలయం వాళ్ళు సర్వే పెట్టి, అడిగే పని బు వార్తినికి అప్పగించారు. అక్కడ బు అంటే అమ్మగారు, పాక్ అంటే అయ్యగారు. బడిలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, రోజూ ఆ చెట్ల కింద నడిచేదే. ప్రతి ప్రశ్నకీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. ఎవరిని అడిగినా "ఇంగ్గీ, ఇంగ్గీ" అని తలూపి అయిదు వేయించారు. జావా భాషలో ఇంగ్గీ అంటే అవునని అర్థం. అందులో అవును ఎంతో, మొహమాటం ఎంతో ఆ పైవాడికే తెలియాలి. ఒక పెద్దమనిషయితే "మరుగుదొడ్డా, దివ్యంగా ఉంది" అంటూనే గేటు వైపు పరుగులాంటి నడక అందుకున్నాడు.

"స్వర్గానికి కూడా ఇన్ని మార్కులు రావు బూ," అంది సర్వే నడిపే లెక్చరరు లారస్. "తాళం ఉన్నా అంతా బాగుందన్నారు కాబట్టి, ఆ గది ఎవరికీ అక్కర్లేదనుకుని మునిసిపాలిటీవాళ్ళు పడగొట్టేస్తారట. ఫొటోలు దిగడానికి అక్కడ ఊరి పేరు ఇంతింత అక్షరాలతో పెడతారట."

"అందరూ అబద్ధం చెప్పారమ్మాయ్."

"నాకూ తెలుసు. కానీ వాళ్ళు చెప్పిందే రాయాలి. శుక్రవారం దాకా టైముంది."

వార్తినికి ఉసూరుమంది. అసలు ఆమె బెంగ వేరే ఉంది. ముప్పయ్యేళ్ళు పక్కన నడిచిన మొగుడు దర్సొనో, ఎనిమిది నెలలుగా పార్కు మొహం చూడటం లేదు. ఒకనాడు మోకాలన్నాడు, ఒకనాడు ఎండన్నాడు. తనంటేనే విసుగొచ్చిందేమోనని ఆమెకు లోపల ముల్లు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర అతణ్ణీ అడిగింది. "పార్కులో మీకేమైనా ఇబ్బందా?"

"ఏముంటుంది. అంతా బాగానే ఉంది."

"పోనీ, ఇంకెవరికైనా?"

దర్సొనో కంచంలో వేయించిన సోయా టెంపే ముక్కను అటూ ఇటూ జరిపాడు. "పక్కింటి కర్డి లేడూ. షుగరొచ్చాక ఆయనకి అరగంటకోసారి వెళ్ళాల్సొస్తోంది. అక్కడేమో తాళం. ఓసారి గేటు దాకా ఆపుకోలేకపోయాడు. అందరూ చూశారు. ఇంక ఏ మొహం పెట్టుకుని వస్తాడు పాపం."

వార్తిని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కర్డి సెమరాంగ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయి నాలుగేళ్ళు దాటింది. పక్కింటికి అప్పట్నుంచీ తాళమే. షుగరు ఎవరికుందో, మాత్రలు తెచ్చిచ్చే ఆమెకు తెలియదా? ఇన్నాళ్ళూ ఈ మనిషిని తిట్టుకున్నందుకు ఏడుపొచ్చింది. ఆమెదీ ఆ ఊరే కదా, పైకి మాత్రం "పాపం కర్డి" అని ఊరుకుంది.

మర్నాడు కాగితం చివర తన చేత్తో ఒక ప్రశ్న చేర్చింది: "మీ సంగతి సరే, మీ పక్కింటివాళ్ళకి ఎలా ఉంది?"

ఇంకేముంది, చెరువుకి గండి పడింది. మొన్న పరుగెత్తిన పెద్దమనిషే బెంచీ మీద కూలబడి, పక్కింటాయన కష్టాలు అరగంట చెప్పాడు. శుక్రవారానికి రెండొందల పన్నెండు మంది పక్కింటివాళ్ళు తేలారు.

"ఈ ఊళ్ళో ఇబ్బందులన్నీ పక్కింటివాళ్ళకేనా బూ?" అని నవ్వింది లారస్.

"మా ఊరంతేనమ్మా. రాసుకో."

నెల తిరిగేసరికి తాళం తీశారు. దర్సొనో బట్టతలకి టోపీ పెట్టుకుని వచ్చాడు. సగం చుట్టు నడిచి, లోపలికి వెళ్ళి, తీరిగ్గా బయటికొచ్చాడు. లారస్ కాగితాలతో ఎదురైంది.

"ఇప్పుడెలా ఉంది పాక్?"

"ఇంగ్గీ, చాలా బాగుంది." రెండడుగులు వేసి ఆగాడు. "నాకని కాదు గానీ, పక్కింటి కర్డికి ఆ తలుపు గడియ పడటం లేదట."

"ఆయన్ని నేనోసారి కలవచ్చా?"

దర్సొనో టోపీ కిందికి లాక్కున్నాడు. వార్తిని అతని చెయ్యి పట్టుకుంది.

"తర్వాత కలుద్దువుగానిలే అమ్మాయ్. ముందు ఆయన్ని నడవనీ. ఎన్నాళ్ళకో వచ్చాడు."