కిడ్నీలు బాగున్నాయి

మా ల్యాబ్‌కి వచ్చేవాళ్లు ఒంట్లో బాధేమిటో చెప్పరు. కుర్చీలో కూర్చుని చెయ్యి చాచి, "కిరాటిన్ సూడు" అంటారు. క్రియాటినిన్ అనడానికి నోరు తిరగని ముసలమ్మకి కూడా పోయినసారి తన అంకె ఎంతో కంఠతా వచ్చు. పక్కింట్లో ఒకరు, ఎదురింట్లో ఒకరు కిడ్నీలు పాడై పోతూ ఉంటే ఉద్దానం మనిషికి ఇంకో జబ్బు ఎక్కడ గుర్తుంటుంది? కాలు వాచినా అదే అనుమానం, కళ్లు తిరిగినా అదే. టెక్కలిలో ఇరవై ఏళ్లుగా రక్తం తీస్తున్న నాకూ ఇంకోటి గుర్తు రాలేదు. నేను చెప్పుకోవలసిన తప్పు అదే.

ఆ పిల్లకి అప్పుడు ఏడేళ్లు. తల్లి భావనపాడు నుంచి తీసుకొచ్చింది. తల్లి చేపలు ఎండబెట్టే కళ్లంలో పనిచేస్తుంది, తండ్రి గుజరాత్‌లో బోటు మీద ఉంటాడు. పిల్లకి కుడి డొక్కలో నొప్పి.

"అప్పా, రెన్నెల్లనుంచి నొప్పి నొప్పి అంతంది. మా మావగోరు కిడ్నీతోనే పోయినారు. గుంటకీ అదే వచ్చినాదేటో సూడప్పా" అంది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు, అక్కని అప్ప అంటారు. అలా పిలిస్తే నేను కరిగిపోతాను, నోరు దురుసే గాని.

సూది గుచ్చితే పిల్ల ఏడవలేదు. గొట్టంలోకి ఎక్కుతున్న రక్తాన్ని చూస్తూ, "అంత రగతం ఏటి సేసుకుంటావు?" అని అడిగింది.

"తాగుతాను" అన్నాను.

"అలగైతే మా కుక్కది కూడా తీసుకో. దానికి సానా ఉంటాది" అంది. కళ్లంలో తిరిగే కుక్క అట, రాత్రీ పగలూ దీని వెనకే ఉంటుందట. ముగ్గురం నవ్వుకున్నాం.

రిపోర్టు వచ్చింది. "కిడ్నీలు బాగున్నాయి. భయం లేదు, తీసుకుపో" అన్నాను. భయం లేదని చెప్పమని నన్నెవరడిగారు? నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క అంకె. నొప్పి సంగతి డాక్టరుకి చూపించమని ఒక్క మాట అనలేకపోయానా? తల్లికి ప్రాణం లేచొచ్చింది. వరండాలో నిలబడి, వీధంతా వినేలా భర్తకి ఫోన్ చేసింది. "గుంట కిడ్నీలు బాగున్నాయంట! భయం నేదంట!" వారం తిరక్కుండా నాకు ఎండు నెత్తళ్ల చేపలు పొట్లం కట్టి తెచ్చింది. వేపుడు చేసుకుని తిన్నాను, సిగ్గు లేకుండా.

ఏడాది కావస్తుండగా మళ్లీ వచ్చారు. పిల్ల గౌను కుడిపక్కన ఎత్తుగా లేచి ఉంది. చెయ్యి వేసి చూస్తే పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా తగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంతయ్యేదాకా ఏం చేస్తున్నావే? కళ్లు కనపడలేదా?"

"నువ్వే కదప్పా, భయం నేదన్నావు" అంది. నిష్ఠూరం కాదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

నేనే చెయ్యి పట్టుకుని ఆ వీధిలోనే ఉన్న స్కానింగ్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు చూశాడు. కాలేయంలో పెద్ద నీటితిత్తి, దాని లోపల చిన్నచిన్న తిత్తులు. వేరే ఊరికి పంపించిన రక్తపరీక్షలోనూ అదే తేలింది. కుక్క పేగుల్లో ఉండే సన్నటి పురుగట. దాని గుడ్లు కుక్క బొచ్చుకీ మట్టికీ అంటుకుని పిల్లల నోట్లోకి పోతాయట. కుక్కకేమో గొర్రె పచ్చి కాలేయం నుంచి, ఊపిరితిత్తుల నుంచి వస్తుందట. అమ్మవారికి గొర్రెని వేట వేసిన రోజున పనికిరాని ఊపిరితిత్తులూ పేగులూ ఎక్కడికి పోతాయి? కళ్లం వెనక కుక్కలకే. మా ఇంట్లోనూ అంతే చేస్తాం. ఎప్పుడైనా ఆలోచించామా!

పిల్ల అంతా విని, "మరి మా కుక్కకి కూడా నొప్పెడతాదా?" అని డాక్టర్ని అడిగింది.

"దానికేం కాదమ్మా."

"పోన్లే" అంది.

తల్లి మాత్రం నా చెవి దగ్గరికి వచ్చి, "కిడ్నీ కాదు కదప్పా?" అని అడిగింది. కాదన్నాను. ఆ మొహం ఎంత తేలికపడిందో!

విశాఖలో ఆపరేషన్‌కి రోజు ఇచ్చారు. ముందు కొన్ని వారాలు పురుగు చావడానికి మాత్రలు వాడాలన్నారు. పొట్టకి దెబ్బ తగలనివ్వొద్దు, తిత్తి పగిలితే ఆ నీళ్లకే ప్రాణం మీదికి వస్తుంది, బతికినా అందులోని నలుసులు ఒక్కోటీ ఒక్కో తిత్తి అవుతాయి అని డాక్టరు చెబుతున్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. తల్లి బడి మాన్పించింది. ఆటలు లేవు. బస్సెక్కాలన్నా చంకనెత్తుకునేది, ఎనిమిదేళ్ల పిల్లని. ఫోన్ చేసినప్పుడల్లా, "గుమ్మం కూడా తగల్నీటం నేదప్పా" అనేది. ఈ పిల్ల గట్టెక్కుతుందని అప్పుడు నిజంగా నమ్మాను.

ఆపరేషన్ నాలుగు రోజులుందనగా పొద్దున్నే పిల్లని ఆటోలో టెక్కలి ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, ఊపిరి అందడం లేదు. ఇంజెక్షన్లిచ్చి ఎలాగో నిలబెట్టారు. కబురు తెలిసి ల్యాబ్ వదిలేసి పరిగెత్తాను. తల్లి బెంచీ మీద కూర్చుని ఉంది. చేతులు జిడ్డుగా ఉన్నాయి, దగ్గరికెళితే ఆముదం వాసన.

అర్థమైపోయింది. పొట్ట గట్టిపడితే ఆముదం గోరువెచ్చ చేసి, డొక్కల నుంచి కిందికి పామడం మా దగ్గర ఇంటింటా ఉన్నదే. మా అమ్మ నాకు పామింది, నేను మా పిల్లలకి పామాను. నొప్పి ఎక్కువైందని నాయనమ్మ పామింది, తల్లి పిల్ల కాళ్లు కదలకుండా పట్టుకుంది.

"పగిలితే ప్రాణం మీదికొస్తుందని చెప్పారా లేదా? బుద్ధుందా నీకు?" అని ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను.

"దెబ్బ తగల్నీయొద్దన్నారప్పా. తగల్నీనేదు. ఆముదం రాసి పామితే దెబ్బేటి?"

డాక్టరు ఎక్కడివాడో, ఆయనకేం తెలుసు? నాకు తెలుసు కదా! పొట్ట నొప్పంటే మా ఇళ్లల్లో ముందు ఏ సీసా మూత తీస్తారో నాకు తెలుసు. పామొద్దే అని ఒక్క మాట. ఏడాది కిందట అక్కర్లేని మాట అన్నాను, ఇప్పుడు అనవలసిన మాట అనలేదు.

వెంటనే విశాఖ తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు. లోపల ఒలికినదాన్ని వీలైనంత కడిగామన్నారు. ఏడాది లోపే కడుపులో మూడుచోట్ల కొత్తవి లేచాయి. మళ్లీ కోశారు. ఆ తర్వాత స్కానింగ్‌లో లెక్కపెట్టడం మానేశారు. మాత్రలు వేస్తే కాలేయం చెడుతోంది, ఆపితే తిత్తులు పెరుగుతున్నాయి. పోయిన నెల అక్కడి డాక్టరు ఇక కత్తి పెట్టలేనని తల్లికి చెప్పేశాడు. ఆవిడ నా దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పి, ఏడవకుండా కూర్చుంది. నేనే ఏడ్చాను.

మొన్న సోమవారం ఇద్దరూ ల్యాబ్‌కి వచ్చారు. పిల్లకి పదేళ్లు దాటాయి. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట ఒక్కటే ముందుకి ఉంది.

"కిరాటిన్ సూడప్పా" అంది తల్లి.

"దానికీ దీనికీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని కసిరాను.

"తెల్సప్పా. అయినా సూడు. ఏదో ఒకటి బాగుందని సెప్పు."

పిల్ల తనే జబ్బ మీద గుడ్డ పైకి లాక్కుని చెయ్యి చాచింది. నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చాను. రక్తం ఏం చేసుకుంటావని అడుగుతుందేమోనని చూశాను. గోడకేసి చూస్తూ కూర్చుంది.

కాగితం తల్లి చేతికిచ్చాను. "కిడ్నీలు బాగున్నాయి" అన్నాను.

ఆవిడ కదల్లేదు. రెండో మాట కోసం నా నోటివైపే చూస్తోంది. నేను తలదించుకుని సూదులు సర్దుకున్నాను. ఆవిడ పిల్లని ఎత్తుకుని వరండాలోకి వెళ్లింది. గుజరాత్‌కి ఫోన్ కలిసింది.

"గుంట కిడ్నీలు బాగున్నాయంట" అంది. కొంచెం ఆగి, "భయం నేదంట" అంది.