డొరసామి తెల్ల రుమాలు

రోజూ పొద్దున ఫోర్క్‌లిఫ్ట్ స్టార్ట్ చేయగానే మెకానిక్ డొరసామి పొగగొట్టం ముందు తెల్ల రుమాలు పట్టి పది లెక్కపెడతాడు. మచ్చ ఎంత నలుపైతే డీజిల్ ఇంజన్‌కి అంత జబ్బు. తొంభై అయిదులో జూలూల గడ్డ మీద, ప్రాస్పెక్టన్ అనే ఊరి గోదాములో ప్యాకింగ్ చేసే ఆడవాళ్ళు ఈ పొగలో పనిచెయ్యం అని కూర్చున్నారు. శుక్రవారానికి పొగ తగ్గకపోతే బండితోపాటు మెకానిక్ కూడా బయటికే అన్నాడు మేనేజర్. డొరసామి ఇంజెక్టర్లు విప్పి కడిగాడు, ఫిల్టర్ మార్చాడు. శుక్రవారానికి రుమాళ్ళన్నీ నల్లబడిపోయాయి, పరీక్షకి తెల్లదొక్కటీ మిగల్లేదు. ఆ ఆడవాళ్ళలోనే ఉన్న అతని భార్య సావీ తలకి కట్టుకున్న కొత్త తెల్ల స్కార్ఫ్ విప్పి ఇచ్చింది. తాతల నాడే వలసొచ్చిన ఇంటిది, ఆమెకి తెలుగు తిట్టడానికే మిగిలింది. "నల్లగయిందో, నీకు కూడు లేదు!" అంది. అందరూ జూలూ భాషలో పది లెక్కపెట్టారు. విభూతి రాసినంత లేత మరక పడింది. "ఈబూదేగా, పో!" అని నవ్వేసింది సావీ. డొరసామి ఇప్పటికీ అక్కడే మెకానిక్. రుమాళ్ళు మాత్రం తనే ఉతుక్కుంటాడు.